చివరి లైను నుంచి

ఆమె బ్యాగును ఆయన మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

రోజూ ఇంతే. పొద్దున తొమ్మిదికి ఆమె వస్తుంది. భుజం మీది బ్యాగును తన బల్ల పక్కనున్న ఖాళీ కుర్చీలో పడేస్తుంది. కంప్యూటరు తెరుచుకునేలోగా ఫోను చూసుకుంటుంది. తలెత్తేసరికి బ్యాగు గోడకి వేలాడుతూ ఉంటుంది. ఆయన తన చోట కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటాడు. ఒక్క మాటా అనడు. అంటే తనూ ఏదో ఒకటి తిరిగి అనొచ్చు.

"ఎవరూ కూర్చోని కుర్చీయే కదా బాబాయ్‌గారూ," అంది ఆ సోమవారం, ఉండబట్టలేక.

"అవునమ్మా, ఎవరూ కూర్చోరు," అన్నాడాయన. బ్యాగు మాత్రం కొక్కేనికే ఉంది.

మెట్లెక్కి పైకొస్తే ఎదురయ్యే ఆ ముందు గదిలో రెండు కంప్యూటర్లు. వెనక గదిలో అచ్చు మిషను. పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, ఆస్పత్రి చీటీలు, ఎవరికి ఏది కావాలన్నా ముందు గదిలో అక్షరాలు కూర్చి, పేజీ చేసి, వెనక గదిలో అచ్చువేసి ఇస్తారు. కొత్త కంప్యూటరు ఆమెది, నాలుగు నెలల కిందట ఆమెతోపాటే వచ్చింది. పాతది బాబాయ్‌ది. దాని తెర వీపు ఉబ్బి ఉంటుంది. నెట్టు వైరు దూర్చే రంధ్రానికి టేపు అడ్డంగా అంటించి, దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: వైరు పెట్టరాదు.

ఆ టేపు చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండుతుంది.

కొట్లో ఆమెని అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఎవరు ఏ ఫోను పట్టుకొచ్చినా, ఏ సాఫ్ట్‌వేర్ పేరెత్తినా "వెర్షనెంత?" అని అడుగుతుంది కనక అచ్చు మిషను నడిపే అన్న ఆమెకి వెర్షన్ అని పేరు పెట్టాడు. "నిన్ను చేసుకోబోయేవాణ్ణి కూడా వెర్షనెంతనే అడుగుతావు," అన్నాడొకసారి. "అడుగుతా. అప్‌డేట్ కానివాడైతే అక్కర్లేదు," అంది.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె వీడియోలు చేస్తుంది. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. ఫోనుని గమ్ము డబ్బాకి ఆనించి నిలబెడుతుంది.

"ఫ్రెండ్స్, ఫోను కొనేటప్పుడు కెమెరా సంగతి తర్వాత అడగండి. ఎన్నేళ్లు అప్‌డేట్లిస్తారో ముందడగండి. అప్‌డేట్లు ఆగిపోయింది ఫోను కాదు, అద్దం. మొహం చూసుకోడానికి పనికొస్తుంది. ఇంకోటి. ఉచితం అని రాసున్న యాప్ కనపడగానే పెట్టేసుకోకండి. టార్చిలైటు యాప్‌కి మీ అత్తయ్య ఫోను నంబరెందుకు? ఒక్కసారి అడిగి చూడండి దాన్ని."

వెనక గది గుమ్మంలో అన్నం డబ్బాతో నిలబడి అన్న నవ్వుతున్నాడు. "ఇవ్వాళ ఎవర్ని చంపుతున్నావ్ వెర్షనూ?"

"యాప్‌లని. నీ వంతు రేపు."

ఆమెకి మూడు వేల చిల్లర మంది చూసేవాళ్లున్నారు. వాళ్లకి ఆమె చెప్పేది సూటిగా ఉంటుంది, అభిప్రాయం ఉంటుంది. అది కూడా బాగుంది, ఇది కూడా బాగుంది అని ఆమె ఎన్నడూ అనదు.

ఆ రోజు ఆమె ఫోను తిప్పింది. ఎదురుగా బాబాయ్ ప్రూఫు చూస్తున్నాడు. అడుగు పొడవు స్టీలు స్కేలుని కాగితం అడుగున, చివరి లైను కింద ఆనించాడు. పెదవులు కదిలాయి. స్కేలు ఒక్క లైను పైకి జరిగింది. మళ్లీ పెదవులు. మళ్లీ ఒక లైను పైకి. ఎడంచేతి చూపుడువేలు అక్షరాన్ని తాకకుండా దాని మీదుగా గాలిలో నడుస్తోంది. ఆ వేళ్లూ ఆ స్కేలూ ఆ ముసలి కంప్యూటరూ మాత్రమే పడేలా ఆమె వెనకనుంచి పట్టింది. మొహం పడకుండా జాగ్రత్త తీసుకుంది. అది మర్యాద అనుకుంది.

"ఫ్రెండ్స్, ఇవ్వాళ మ్యూజియం చూపిస్తా. ఈ కంప్యూటరు నాకన్నా రెండేళ్లు పెద్దది, అక్కా అనాలి. ఇందులో సాఫ్ట్‌వేరు ఆరో వెర్షన్. దీనికి ఇంటర్నెట్ అంటుకుంటుందని టేపు వేశారు చూడండి. ఇక అసలు వింత. ఇక్కడ తప్పులు కింద నుంచి పైకి వెతుకుతారు. అంటే సినిమాని శుభం కార్డు నుంచి మొదలుపెట్టి చూసినట్టు. తప్పులు వాటంతటవే పట్టుకునే సాఫ్ట్‌వేర్లు వచ్చి ఎన్నేళ్లయిందో తెలుసా? కొత్తదంటే భయపడేవాళ్లు ఆ భయానికి అనుభవం అని పేరు పెట్టుకుంటారు."

ఆఖరి వాక్యం ఆమెకి బాగా నచ్చింది. రెండుసార్లు విని, నెట్‌లోకి ఎక్కించింది.

బుధవారానికి దాన్ని లక్షా ఎనభై వేల మంది చూశారు.

ఆమెకి చేతులు ఆగలేదు. ఒక పత్రిక పేజీ చేస్తూ మధ్యలో ఫోను, ఒక పేరు దిద్దుతూ మధ్యలో ఫోను. కింద వందల మాటలు. అందరూ నవ్వేవాళ్లే. ఒకడెవడో మా తాత కూడా ఇంతే అన్నాడు. వాటి మధ్యలో, ఆమెని పదకొండు మంది చూసే రోజుల నుంచీ వదలకుండా చూస్తున్న ఒక మనిషి వ్యాఖ్య ఉంది. పేరు చివరి లైను అని పెట్టుకున్నాడు. ఏదో కాలేజీ కుర్రాడనుకుంటుంది ఆమె. ప్రతి వీడియోలో ఒక తప్పు పడతాడు, ఆఖర్న ఒకే మాట రాస్తాడు. ఈసారీ అంతే.

"ఒకటో నిమిషంలో ఆరో వెర్షన్ అన్నారు. అది ఆరున్నర. సరిచూడగలరు."

వీడొకడు, అనుకుంది. ఎందుకో వెళ్లి చూసింది. ఆరున్నరే. తిరిగొచ్చి తన వీడియోని ఆపి ఆపి చూసింది. అందులో వెర్షన్ అంకె ఎక్కడా కనపడదు. తెర మీద ప్రశ్నపత్రం ఉంది, అంతే. మరి వీడికెలా తెలిసింది? అన్నే దొంగ పేరుతో ఆటపట్టిస్తున్నాడేమోనని వెనక గదిలోకి వెళ్లి అడిగింది. "నాకు రాయడం వస్తే ఈ మసిలో ఎందుకుంటాను తల్లీ," అన్నాడతను రోలరు తుడుస్తూ.

పదకొండింటికి ఓనరు మేడమ్ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఫోను వెలుగుతోంది.

"ఇది మన కొట్టే కదూ?"

బాబాయ్ తలెత్తి చూసి, మళ్లీ కాగితం వైపు తిరిగాడు.

"మా ఆడపడుచు పంపింది," అంది మేడమ్. "మ్యూజియం నడుపుతున్నానుట నేను. పని ఇచ్చేవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"సాఫ్ట్‌వేర్ గురించి అన్నాను మేడమ్..."

"తప్పు అన్నావనడం లేదు. ఉన్నదే అన్నావు. ఆ పాతదాంట్లో ఉన్నవన్నీ నీదాంట్లోకి మార్చడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

ఈ ప్రశ్న కోసం ఆమె నాలుగు నెలలుగా ఎదురుచూస్తోంది. "ఎన్నాళ్లేంటి మేడమ్, సాయంత్రానికి అయిపోతుంది. పాత అక్షరాల్ని కొత్తవాటిలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది. నొక్కి వదిలెయ్యడమే."

"అయితే ఈ పనికి ఇద్దరెందుకు?"

ఆమె నోరు తెరిచింది. మేడమ్ జవాబు కోసం అడగలేదని అప్పటికే తెలుస్తోంది.

"బాబాయ్‌గారూ," అంది మేడమ్, గొంతు మెత్తగా చేసి. "మీ కళ్లు కూడా ఇదివరకటిలా లేవంటున్నారు కదా. కొన్నాళ్లు హాయిగా ఇంటిపట్టున ఉండండి. అవసరమైతే నేనే కబురు చేస్తాను."

"అలాగేనమ్మా," అన్నాడాయన.

చేతిలో ఉన్న ప్రూఫుకి ఇంకా ఏడు లైన్లున్నాయి. అవి పూర్తిచేశాడు. స్కేలు పైఅంచుకి చేరాక, కాగితం మూల సంతకం పెట్టి తేదీ వేశాడు. తెరిచి ఉన్నవి ఒక్కొక్కటే మూసి, కంప్యూటరు ఆపి, తెర ఆపి, ఆఖర్న గోడ దగ్గర స్విచ్చి ఆపాడు. కళ్లద్దాల పెట్టె, నీళ్ల సీసా, కుర్చీలో వేసుకునే పల్చటి దిండు సంచిలో పెట్టుకున్నాడు. స్కేలు బల్ల మీదే ఉండిపోయింది.

"మార్చాక ప్రూఫు తీసి చూడమ్మా."

"సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది బాబాయ్‌గారూ."

"చూసుకుంటుంది. నువ్వూ చూడు."

వెళ్తూ వెళ్తూ ఆ ఖాళీ కుర్చీ దగ్గర ఆగి, దాన్ని బల్ల కిందికి సరిగ్గా జరిపాడు. మెట్ల మీద ఆయన అడుగులు చాలాసేపు వినపడ్డాయి. ఆ మెట్లు అంత ఎక్కువని ఆమెకి తెలియదు.

మధ్యాహ్నమంతా ఫైళ్లు మారుతూనే ఉన్నాయి. మూడు వేల పైచిలుకు. తెర మీద ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంటే చూడటం ఆమెకి మామూలుగా ఎంతో ఇష్టం. ఆ రోజు రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగింది. మార్పిడి పూర్తయింది, లోపాలు లేవు అని తెర మీద పడింది. చూశారా, అనుకుంది. ఎవర్ని చూడమందో తెలియదు.

గురువారం మొదటి పని పిల్లల ఆస్పత్రి కార్డులు. జ్వరం మందు ఏ వయసు బిడ్డకి ఎన్ని చెంచాలు పొయ్యాలో చెప్పే అరచేతి వెడల్పు కార్డు, ఏటా వేసేదే. పాత ఫైలు తెరిచి సంవత్సరం మార్చి, పైన ఆస్పత్రి ఫోను నంబరు కొత్తది వేసింది. పట్టిక పై నుంచి చూసింది. ఆరు నెలల వరకు 1. ఏడాది వరకు 2. మూడేళ్ల వరకు 3. ఆ కింద గీత, పెద్దపిల్లలు అన్న శీర్షిక, ఇంకో రెండు వరసలు. అన్నీ ఉన్నాయి. అక్షరాలు కొత్తగా, నున్నగా ఉన్నాయి.

"బాబాయ్ చూడకుండా నేనెప్పుడూ అచ్చుకి ప్లేటు చెయ్యలేదు," అన్నాడు అన్న, ప్రూఫు కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ.

"చూశా అన్నా."

"ఎలా చూశావ్?"

"కళ్లతో."

సాయంత్రం ఆస్పత్రి కాంపౌండరు వచ్చాడు. లావుపాటి మనిషి. మెట్లెక్కడానికి ఆయాసం, ఎక్కాక మాట్లాడటానికి ఆయాసం లేదు. "ఏడీ మా స్కేలు బాబాయ్? నన్ను చూడగానే, కాంపౌండరూ, ఒళ్లు తగ్గించు, మెట్లు విరుగుతాయి అనాలే ఈపాటికి?"

"రెస్టు తీసుకుంటున్నారు," అంది ఆమె.

"ప్రూఫు మీద ఆయన సంతకం లేదే?"

"ఇప్పుడన్నీ సిస్టంలోనే చెకింగండీ. సంతకాలెందుకు?"

"అంతేలే. మాకూ అన్నీ సిస్టంలోనే. రోగం ఒక్కటే బయటుంది," అని నవ్వి, కార్డుల కట్టలు సంచిలో వేసుకుని వెళ్లాడు.

శుక్రవారం పొద్దున్నుంచీ చూసేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. మ్యూజియం రెండో భాగం పెట్టండి. ఆ తలకిందుల చదువు మీరు చదివి చూపించండి. ఆమెకి మనసు లేదు. కానీ అడుగుతున్నది ఒకరిద్దరు కాదు. అన్నాల వేళకి ఫోనుని గమ్ము డబ్బాకి ఆనించి, బాబాయ్ బల్ల మీది స్కేలు తీసుకుంది. చల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఒక పక్క అంకెలు వేళ్ల రాపిడికి అరిగిపోయాయి. చదవడానికి ఏదో ఒక కాగితం కావాలి. మిగిలిన కార్డు ఒకటి బల్ల మీదుంది.

"ఫ్రెండ్స్, మీరడిగారు కాబట్టి," అని స్కేలుని చివరి లైను కింద పెట్టింది. గొంతు మార్చి, వృద్ధుడిలా సాగదీసింది. "పన్నెండేళ్ల వరకూ... రెండు చెంచాలు." స్కేలు పైకి జరిపింది. "ఆరేళ్ల వరకూ... ఒక చెంచా." శీర్షిక దాటించింది. "మూడేళ్ల వరకూ... మూడు..."

ఆగింది.

ఆరేళ్ల పిల్లకి ఒకటి. మూడేళ్ల పిల్లకి మూడు.

స్కేలు ఇంకో లైను పైకి జరిపింది. గొంతు ఆమెదే అయిపోయింది. ఏడాది బిడ్డకి రెండు. ఆరు నెలల బిడ్డకి ఒకటి.

నిన్న పై నుంచి చదివినప్పుడు ఒకటి, రెండు, మూడు అని నోరు దానంతటదే ఎక్కుకుంటూ పోయింది. బడిలో నేర్చిన వరస. కన్ను చూడనే లేదు.

ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆమె పాత కంప్యూటరు స్విచ్చి నొక్కి, అది తెరుచుకునేదాకా నిలబడే ఉంది. అంత నెమ్మదిగా తెరుచుకునే వస్తువుని ఆమె జీవితంలో చూడలేదు. ఫైలు తెరిచింది. అక్కడ ఒకటీ లేదు, రెండూ లేదు. పావు. అర. ముప్పావు. అంత చిన్న పెట్టెలో పట్టేలా మూడు భిన్నాలు, చక్కగా గీసినట్టు. అక్షరం మీద నొక్కి చూసింది. ఆ మూడింటి కోసం బాబాయ్ సొంతంగా చిన్న ఫాంటు తయారుచేసుకున్నాడు. ఒకటి అంకె నొక్కితే పావు, రెండు నొక్కితే అర, మూడు నొక్కితే ముప్పావు. మార్చే సాఫ్ట్‌వేర్ ఆ ఫాంటుని ఎరగదు. దాన్ని తీసి పారేసి, కింద మిగిలిన అంకెల్ని అలాగే ఉంచింది. లోపాలు లేవని చెప్పింది.

ఆస్పత్రి నంబరు కలవలేదు. కార్డు మీద కొత్త నంబరు వేసింది తనే. ఆ నంబరు ఇంకా పనిచెయ్యడం లేదు. ఆమె మెట్లు దిగి పరుగెత్తింది.

కాంపౌండరు ఆమె చేతిలో కార్డు చూసి, ఆమె చెప్పింది సగం విని, మిగతా సగం తనే కార్డు మీద చదువుకున్నాడు. జోకు వెయ్యలేదు. కట్టలన్నీ తీసి బల్ల కింద పడేశాడు. రిజిస్టరు తిప్పాడు. పొద్దున ఆరుగురికి ఇచ్చాడు. ఇద్దరు ఇంకా బయట బల్ల మీదే కూర్చుని ఉన్నారు. వాళ్ల చేతుల్లోంచి కార్డులు తీసుకుంటుంటే ఒకావిడ "ఏమైందమ్మా?" అంది. ఆమె రెండో కార్డుకి చెయ్యి చాచింది. ముగ్గురు ఫోనుకి దొరికారు. ఆరో మనిషి ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

"ఎన్ని నెలల బిడ్డ?" అంది ఆమె.

"ఎనిమిది."

అతని స్కూటరు మీద వెనక కూర్చుంది. ఫోను చేస్తూనే ఉంది. మోగి మోగి ఆగిపోతోంది. ఇస్త్రీ కొట్టు పక్క సందు, ఇనుప మెట్లు, రెండో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. లోపల ఒకామె నేల మీద కూర్చుని, బిడ్డని ఒళ్లో పడుకోబెట్టుకుంది. పక్కన మందు సీసా, దానికి ఆనించి నిలబెట్టిన కార్డు. చేతిలో చెంచా.

"ఆగమ్మా, పొయ్యకు," అన్నాడు కాంపౌండరు గుమ్మంలోంచే.

తల్లి బెదిరిపోయి చెంచా దింపింది. "ఒకటి పోశానండీ. సగం ఉమ్మేశాడు. రెండోది ఎలా పొయ్యాలా అని చూస్తున్నా. ఫోను ఆ గదిలో మోగుతోంది గానీ వీణ్ణి దించితే ఏడుస్తాడని..."

కాంపౌండరు గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. డాక్టరుకి ఫోను కలిపాడు. ఎంత పోసింది, ఎప్పుడు పోసింది, ఎంత ఉమ్మాడు అని ఒక్కొక్కటే అడిగి చెప్పాడు. కంగారు లేదు, మళ్లీ మందు పొయ్యకండి, ఒకసారి తీసుకొచ్చి చూపించండి అన్నాడు డాక్టరు. బిడ్డ గౌను మీది గులాబీ రంగు మరకని పీకుతూ వీళ్లని చూసి నవ్వాడు.

"రెండు ఎక్కువేమోనని నాకూ అనిపించింది," అంది తల్లి. "కానీ అచ్చేసుంది కదా. అచ్చులో ఉన్నది సరిగ్గానే ఉంటుందనుకున్నా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

తిరిగొచ్చేసరికి మేడమ్ కొట్లోనే ఉంది. కాంపౌండరు ముందే ఫోను చేశాడు.

"నేనప్పుడే అనుకున్నా," అంది మేడమ్. "ఎక్కడెక్కడి అతుకులో వేసుకుని పెట్టుకున్నాడాయన. పాత ఫైల్లో లోపం ఉంటే పాపం నువ్వేం చేస్తావు? డాక్టరుగారికి అదే చెబుదాం."

ఆ మాట తలుపు తెరిచి పట్టుకున్నట్టుంది. ఊరికే నిలబడితే చాలు. వెనక గదిలో మిషను ఆగింది.

"ఫైల్లో లోపం లేదు మేడమ్," అంది ఆమె. "ఆయన ఫైలు సరిగ్గానే ఉంది. ప్రూఫు చూడమని ఆయన చెప్పి వెళ్లారు. నేను చూడలేదు. చూశానని అన్నతో చెప్పాను."

మేడమ్ ఆమె వైపు తిరిగింది. "మరి సాఫ్ట్‌వేరే చూసుకుంటుందన్నావ్?"

"అన్నాను."

"ఇకమీద ఆయన సంతకం లేనిదే కార్డు తీసుకోరుట వాళ్లు." మేడమ్ హ్యాండుబ్యాగు తెరిచి, ఏమీ తియ్యకుండా మూసింది. "పిలుస్తే నాకోసం వస్తాడో రాడో. నువ్వే వెళ్లి అడుగు. ఒక్కరోజు వచ్చి చూసి పెట్టమను. తర్వాత సంగతి తర్వాత. నీ సంగతి కూడా."

బాబాయ్ ఇల్లు రెండు గదులు. తలుపు తీసినావిడ ఆమెని చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"నువ్వా! వీడియోలో కాస్త ఒళ్లుగా కనపడతావే. ఏమండీ, మీ అమ్మాయొచ్చింది. లోపలికి రా తల్లీ. పొద్దున లేస్తే మా ఇంట్లో వార్తలంటే నువ్వే."

బాబాయ్ కిటికీ దగ్గర ఫోను చూస్తున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి లేచాడు. ఆ ఫోను ఆమె ఫోను కన్నా కొత్తది. మొన్న మొన్న ఆమె వీడియోలో, కొంటే ఇదే కొనండి, ఏడేళ్లు అప్‌డేట్లిస్తారు అని చెప్పిన ఫోను. తెర మీద ఆమె వీడియోయే ఆగి ఉంది. కింద రాసేచోట, పక్కన చిన్న అక్షరాలతో పేరు: చివరి లైను.

ఆమె కూర్చోకుండా నిలబడిపోయింది.

"ఆరున్నర," అంది.

"అవునమ్మా," అన్నాడాయన, పట్టుబడ్డవాడిలా. "మిగతా విషయాలు నీ అభిప్రాయాలు. అవి నేను దిద్దకూడదు. అంకె ఒక్కటీ తప్పు పడింది."

కార్డు సంగతి చెప్పింది. ఏదీ దాచకుండా, బిడ్డ గౌను మీది మరకతో, మేడమ్ ఒక్కరోజుకి రమ్మన్న మాటతో సహా. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్నే వేశాడు. "బిడ్డ బాగున్నాడా?" బాగున్నాడంది. ఆయన లోపలికి వెళ్లి అట్ట చిరిగిన నోటుబుక్కు తెచ్చి ఇచ్చాడు. ఏ మీట నొక్కితే ఏ గుర్తు వస్తుందో, ఏ ఫైళ్లలో ఎక్కడెక్కడ వాడాడో, గుండ్రటి అక్షరాలతో నలభై పేజీలు.

"ఇది ఉందని చెప్పలేదే బాబాయ్‌గారూ?"

"నువ్వు వెర్షనడిగావు గానీ లోపలేముందో అడగలేదు. అడక్కపోయినా చెప్పాల్సింది. అది నా తప్పు." కళ్లద్దాలు నుదుటి మీంచి దించాడు. "కోపం వచ్చిందమ్మా నాకు. ఆ రోజు కోపంతోనే మెట్లు దిగాను."

"మీ ఫోనుకి అన్నీ కొత్తవే పెట్టుకుంటారు. ఆ కంప్యూటరుకి మాత్రం టేపెందుకు?"

"ఫోను నాది. పాడైతే నేను పడతాను. దాంట్లో ఉన్నవి జనం కాగితాలు."

ఆయన భార్య టీ గ్లాసులు పెట్టింది. "ఒక్కరే చూసుకోవాల్సొచ్చాక ఇంకా చాదస్తం ఎక్కువైంది," అంది. "మా వదినగారున్నప్పుడు ఇంత లేదు. ఈయన అక్కగారు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని పైకి చదివేది, ఈయన కాగితం మీద చూసేవారు. ఇరవై రెండేళ్లు. ఇద్దరూ తగువులాడుకుంటే మెట్ల కిందికి వినపడేదిట. పోయినేడు ఆవిడ పోయారు."

గ్లాసు వేడిగా ఉంది. ఆమె దించలేదు.

"ఒక్కణ్ణే పై నుంచి చదివితే అర్థం ముందుకి లాక్కుపోతుంది," అన్నాడాయన, పని విషయం చెబుతున్నట్టుగానే. "లేని మాట కూడా ఉన్నట్టు చదివేస్తాం. కింది నుంచైతే ఏ లైనుకా లైను. అందుకని."

"ఆ వీడియో తీసేస్తాను బాబాయ్‌గారూ."

"అచ్చులో తప్పొస్తే పుస్తకం తగలబెడతామా? తప్పొప్పుల పట్టిక వేస్తాం."

ఆ సాయంత్రం ఆమె వీడియో కింద పట్టిక వేసింది. మొదటిది తేలిగ్గా వచ్చింది. తప్పు: ఆరో వెర్షన్. ఒప్పు: ఆరున్నర. రెండోది: తప్పు: లోపాలు లేవు అన్న సాఫ్ట్‌వేర్ మాట నమ్మాను. ఒప్పు: మూడు లోపాలున్నాయి, ఒక బిడ్డ నోటిదాకా వెళ్లాయి. మూడోదానికి చాలాసేపు పట్టింది. తప్పు అన్నచోట, కొత్తదంటే భయపడేవాళ్లు ఆ భయానికి అనుభవం అని పేరు పెట్టుకుంటారు, అన్న తన వాక్యాన్ని పూర్తిగా రాసింది. ఒప్పు అన్నచోట ఏం రాసినా గొప్పగా వినపడుతోంది. కొట్టేసి, రాసి, కొట్టేసి, చివరికి రాసింది: భయపడాల్సింది నేను.

చూసేవాళ్లు కొందరు వెక్కిరించారు, కొందరు వెళ్లిపోయారు. వాళ్ల మధ్యలో చివరి లైను ఒకే మాట రాశాడు.

"సరిచూశాను."

శనివారం ఆమె ఎనిమిదింటికే వచ్చింది. బ్యాగు తనే కొక్కేనికి తగిలించింది. నోటుబుక్కు పక్కన పెట్టుకుని కార్డు మొదటి నుంచి చేసింది. అన్న ప్రూఫు తీసిచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. బాబాయ్ వచ్చేటప్పటికి మేడమ్ ఇంకా రాలేదు. ఆయన సంచిలో నీళ్ల సీసా ఉంది, దిండు లేదు. ఒక్కరోజుకే వచ్చాడు.

తన బల్ల దగ్గర కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మసి అంటిన కాగితాన్ని చదును చేసి, స్కేలుని చివరి లైను కింద పెట్టాడు.

ఆమె బల్ల కింద నుంచి ఆ కుర్చీ బయటికి లాగింది. ఒక్క క్షణం దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడి, ఆయన ఏమీ అనకపోయేసరికి కూర్చుంది. బాబాయ్ తల తిప్పి చూశాడు. చూపు ఆమె మొహం మీద కాదు, కుర్చీ చేతి మీద ఆగింది. అక్కడ రంగు పోయి చెక్క తేలింది.

ఇంకో కాగితం ఆమె ముందుకి జరిపాడు. తన కాగితం మీద స్కేలుని కింది నుంచి తీసేశాడు. మొదటి లైను కింద పెట్టాడు.

"ఇద్దరం ఉన్నాం కదా," అన్నాడు. "పై నుంచి చదువు."

ఆమె గొంతు సవరించుకుంది.

"ఆరు నెలల వరకు," అంది. "పావు చెంచా."